చిన్న కారు, నిండు సంసారం

మన ఇళ్ళలో కారు కొనాలన్న మాట పుట్టినప్పటి నుంచి అది వాకిట్లోకి వచ్చి నిలబడే దాకా ఎన్ని ప్రశ్నలు వేసుకుంటామో లెక్కలేదు. లీటరుకు ఎంత దూరం పోతుంది? డిక్కీలో రెండు పెట్టెలూ, ఒక బియ్యం బస్తా పడతాయా? తెలుపు మంచిదా, ఎరుపు మంచిదా? నాలుగేళ్ళు వాడి అమ్మితే ఎంత వస్తుంది? ముహూర్తం సంగతి సరేసరి. ఇన్ని అడిగినవాళ్ళం ఒక్కటి మాత్రం అడగం: ఇది దేన్నయినా గుద్దుకుంటే లోపల కూర్చున్నవాళ్ళ గతి ఏమిటి? అడిగితే అపశకునం. మా ఆవిడ ముందు ఆ మాట ఎత్తితే, "శుభమా అని బండి కొంటూ ఆ పాడుమాటలేమిటండీ!" అని నోరు మూయించింది.

నిమ్మకాయలు తొక్కించవద్దనీ, గుమ్మడికాయ కొట్టవద్దనీ అనే మనిషిని కాను నేను. మా ఇంట్లోనూ ఆ ముచ్చట్లన్నీ జరుగుతాయి. కాని నిమ్మకాయ పని షోరూము గుమ్మంతో సరి. ఆ తరవాత చెయ్యవలసిన పని కారే చెయ్యాలి. అది ఆ పని ఎలా చేస్తుందో తెలుసుకుందామని కొన్ని నెలలుగా దొరికినదల్లా చదివాను. దానికి కారణం లేకపోలేదు. మా అల్లుడు చిన్న కారు కొంటానన్నాడు. మనవరాలికి పది నెలలు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి బెజవాడకు ఆ కారులోనే వస్తామన్నారు. ఆ రోజుల్లో పంతంగి టోలుగేటు దగ్గర కార్ల బారు ఎలా ఉంటుందో, అది దాటిన తరవాత ఆ కార్లన్నీ ఎలా పరిగెడతాయో చూసినవారికి నా బెంగ వేరే చెప్పనక్కరలేదు.

2014 జనవరి నెలాఖరున గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే బ్రిటిషు సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్ల పరీక్షా ఫలితాలు బయటపెట్టింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఐదూ మనం రోజూ వీధిలో చూసినవే. పరీక్ష ఏమిటంటే, కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తీసుకుపోయి ఒక అడ్డుకేసి కొట్టడం. ఆ అడ్డుకు ముందు వైపు తేనెపట్టులాగా అల్లిన అల్యూమినియం ఉంటుంది, అంటే ఎదురుగా వచ్చే ఇంకొక కారులాగా అది కూడా నలుగుతుంది. కారు ముఖంలో నూటికి నలభై వంతులు మాత్రమే, అదీ డ్రైవరు వైపున తగులుతుంది. నిజంగా రోడ్డు మీద జరిగే ఎదురెదురు గుద్దుళ్ళు చాలావరకు అలాగే ఉంటాయి కనక ఆ ఏర్పాటు. లోపల మనుషులకు బదులు బొమ్మలు కూర్చుంటాయి. వాటి తలలో, మెడలో, రొమ్ములో, తొడలో దెబ్బను కొలిచే సాధనాలుంటాయి.

ఐదు కార్లకూ, పెద్దల రక్షణ విషయంలో, ఐదింటికి సున్నా వచ్చింది. అన్నీ ఎయిర్ బ్యాగులు లేని చవక రకాలే. ఈ వార్త అప్పట్లో పత్రికలన్నీ వేశాయి. కాని ఆ సున్నాల లోపల ఒక తేడా ఉంది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఫిగో, పోలోల్లో మనుషులు కూర్చునే గది చెక్కుచెదరకుండా నిలబడింది. తక్కిన మూడింట్లో ఆ గదే ఎక్కువ తక్కువగా కూలిపోయింది. ఆ మూడు కార్లకు ఎయిర్ బ్యాగులు తగిలించినా పెద్దగా ప్రయోజనం ఉండదని పరీక్షించినవారు చెప్పారు. పోలోను రెండు ఎయిర్ బ్యాగులతో మళ్ళీ కొట్టి చూస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఆ కంపెనీ వెంటనే బ్యాగులు లేని రకం అమ్మడం మానేసింది.

నేను అర్థం చేసుకున్నంతలో అసలు విషయం ఇక్కడే ఉంది. కారులో రెండు వేరు వేరు వస్తువులున్నాయి. ముందు భాగం ఒకటి, మనం కూర్చునే గది ఒకటి. ముందు భాగం నలగాలి. గది నలగకూడదు. ఈ రెండింటికీ ఒకే నీతి వర్తించదు.

ఈ మాట మా బావమరిదికి ససేమిరా ఎక్కలేదు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంబాసిడరులో తిరిగిన మనిషి. "బావా, ఆ రోజుల్లో ఇనుము ఇనుములాగా ఉండేది. అంబాసిడరుకు ఆవు అడ్డం వస్తే ఆవుకే దెబ్బ. ఇప్పటివి అప్పడాలు. సైకిలు తగిలితే సొట్ట" అని ఆయన వాదం. ఈ వాదం ఒక్క మా ఇంటిది కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక బావమరిది దీన్ని వినిపిస్తూనే ఉంటాడు.

దీనికి సమాధానం అమెరికాలో దొరికింది. అక్కడ బీమా కంపెనీలు కలిసి నడిపే రహదారి భద్రతా సంస్థ ఒకటి ఉంది. 2009లో దానికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వాళ్ళు పందిళ్ళు వేసి ఉపన్యాసాలు ఇవ్వలేదు. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కారునొకదాన్ని, 2009 నాటి షెవ్రొలే మాలిబూ కారునొకదాన్ని తెచ్చి ఎదురెదురుగా ఢీ కొట్టించారు. రెండూ గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చాయి. బరువుల్లో పెద్ద తేడా లేదు. పాతది చూస్తే కోటలాగా ఉంటుంది. మందమైన రేకు, మెరిసే బంపరు. ఢీకొన్న తరవాత చూస్తే పాత కారులో డ్రైవరు కూర్చున్న చోటే లేదు. స్టీరింగు చక్రం వెనక్కు పొడుచుకువచ్చింది. డాష్ బోర్డు మీదికొచ్చింది. తలుపు ఊడి తెరుచుకుంది. ఆ బొమ్మ స్థానంలో మనిషి ఉంటే బతికేవాడు కాడు. కొత్త కారులో బొమ్మకు కాలికి స్వల్పంగా దెబ్బ. ముందు భాగం మాత్రం అప్పడమే అయింది.

ఆ ఫిల్ము మా బావమరిదికి రెండుసార్లు చూపించాను. రెండోసారి అయ్యాక, "అది అమెరికా ఇనుము బావా" అన్నాడు.

ముందు భాగం ఎందుకు నలగాలో చెప్పాలంటే వేగాన్ని ఎత్తుగా మార్చి చూడడం సులభం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారి ఆగిపోవడమంటే పది మీటర్ల ఎత్తు నుంచి, అనగా మూడంతస్తుల మేడ మీది నుంచి కింద పడడమన్నమాట. 64 కిలోమీటర్లకు అది పదహారు మీటర్లు అవుతుంది, ఐదంతస్తులు. మూడంతస్తుల పిట్టగోడ మీద పసిపిల్లను కూర్చోబెట్టే తల్లి ఎవరూ ఉండరు. యాభైలో పోతూ ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకునే తల్లులు మాత్రం ఊరినిండా ఉన్నారు.

పడ్డవాడు బతకడం, చావడం ఎత్తును బట్టి మాత్రమే కాదు, దేనిమీద పడ్డాడన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. హ్యూ డి హేవన్ అనే అమెరికన్ 1917లో విమానం నడపడం నేర్చుకుంటూ కూలిపోయి, దెబ్బలతో బయటపడ్డాడు. తాను ఎందుకు బతికానన్న ప్రశ్న ఆయనను వదలలేదు. యాభై అడుగుల నుంచి నూట యాభై అడుగుల దాకా ఎత్తు నుంచి పడి కూడా బతికినవాళ్ళ కథలు పోగుచేసి 1942లో ఒక వ్యాసం ప్రకటించాడు. తేలినదేమంటే, వాళ్ళు పడిన చోటు కొన్ని అంగుళాలు లోపలికి దిగింది. తవ్విన మట్టో, రేకు కప్పో, ఏదో ఒకటి వంగి ఇచ్చింది. ఆ కొన్ని అంగుళాలే వాళ్ళ ఆయుష్షు. కారు ముందు భాగం కూడా మనకు ఇచ్చేది ఆ అంగుళాలే. కారు అరమీటరు నలిగి ఆగితే ఒంటి మీద పడే బలం మన బరువుకు సుమారు ఇరవై రెట్లు. పది సెంటీమీటర్లలోనే ఆగితే వంద రెట్లు.

మెర్సిడెస్ కంపెనీలో పనిచేసిన బేలా బారెన్యీ అనే ఇంజనీరు 1951లో ఈ ఆలోచనకే పేటెంటు కోరాడు: మధ్యగది గట్టిగా, ముందూ వెనకా మెత్తగా. అలా కట్టిన కారు 1959లో బజారుకు వచ్చింది. ఆ బెల్ ఎయిర్ కోట తయారైన ఏడే! అదే 1959లో స్వీడనులో ఇంకొక పని కూడా జరిగింది. దాని సంగతి చెప్పే ముందు ఒక సైనిక వైద్యుణ్ణి పరిచయం చెయ్యాలి.

ఆయన పేరు జాన్ పాల్ స్టాప్, అమెరికా వైమానిక దళంలో కర్నలు. మనిషి శరీరం ఎంత కుదుపు తట్టుకోగలదో తేల్చడానికి ఎవరినో బలిపెట్టడం ఇష్టం లేక తానే రాకెట్లు బిగించిన బండిలో పట్టాల మీద కూర్చున్నాడు. 1954 డిసెంబరు 10న ఆ బండి గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగం అందుకుని, సుమారు సెకనున్నరలో నిలబడిపోయింది. ఒంటి మీద పడిన బలం ఆయన బరువుకు 46 రెట్లు. కళ్ళలో రక్తనాళాలు చిట్లి కాసేపు చూపు పోయింది. మళ్ళీ వచ్చింది. ఆ తరవాత ఆయన నిక్షేపంగా బతికి 1999లో, ఎనభై తొమ్మిదో ఏట పోయాడు. మంత్రమేమీ లేదు. ఆయన్ను సీటుకు పటకాలతో గట్టిగా బిగించారు, అంతే.

స్వీడనులో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు మొదట విమానాల్లోంచి పైలటును బయటికి విసిరే సీట్ల మీద పనిచేసేవాడు. తరవాత వోల్వో కంపెనీలో చేరి 1959లో మూడు చోట్ల పట్టుకునే సీటు బెల్టు తయారుచేశాడు. ఒక చేత్తో ఒక్క క్షణంలో పెట్టుకోవచ్చు. రొమ్ము మీదుగా ఒక పట్టీ, తుంటి ఎముకల మీదుగా ఒక పట్టీ. రెండూ పక్కన కిందికి ఒకచోట కలుస్తాయి. శరీరంలో దెబ్బ కాచుకోగలిగిన గట్టి ఎముకల మీదనే బలం పడాలన్నది దాని కిటుకు. వోల్వోవారు ఆ పేటెంటును మిగతా కంపెనీలన్నీ ఉచితంగా వాడుకోవచ్చునన్నారు. ఒక ఇనుప కొక్కెం, రెండు మూర్ల పటకా. ప్రపంచంలో వైద్యులు కనిపెట్టిన మందుల్లో ఎన్ని దీనికి సాటివస్తాయో చెప్పలేను. ముందు సీట్లో కూర్చున్నవారికి చావు ముప్పును ఇది సగం దాకా తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

కాని ఆ పటకాను తుంటి మీద కాక పొట్ట మీదికి లాక్కుని, భుజం పట్టీని చంక కింద నుంచి పోనిచ్చి కూర్చునేవారున్నారు. చీర నలుగుతుందని కొందరు. అలా పెట్టుకుంటే లోపలి మెత్తని అవయవాల మీద భారం పడుతుంది. గర్భిణీ స్త్రీలు కింది పట్టీని పొట్టకు దిగువగా, తొడల మొదట్లో పెట్టుకోవాలి, మానెయ్యకూడదు.

బెల్టు పెట్టుకోకపోతే కారు కూసే కూత భరించలేక, ఆ కొక్కెంలో గుచ్చడానికి ఉత్త ఇనుప బిళ్ళలు కొనేవారి సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాటిని అమ్ముతున్న ఐదు పెద్ద ఆన్‌లైన్ దుకాణాల మీద 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చర్య తీసుకుంటే, తొలగించిన ప్రకటనలే పదమూడు వేల పైచిలుకు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో సీటు బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. ఈ 16,715లో డ్రైవర్లు సగం, పక్కనా వెనకా కూర్చున్నవారు సగం.

వెనక సీటు సంగతి విడిగా చెప్పుకోవాలి. మన సంసారాల్లో పెద్దలకూ, ఆడవాళ్ళకూ, పిల్లలకూ వెనక సీటే. వెనక కూర్చుంటే భయం లేదని ఒక నమ్మకం. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర టాటా గ్రూపు మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దుకుంది. అది చిన్న కారు కాదు, పేరుమోసిన ఖరీదైన కారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. వెనకవాళ్ళు బెల్టులు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక బెల్టు లేనివాడు తాను పోవడమే కాదు, బెల్టు పెట్టుకుని బుద్ధిగా ముందు కూర్చున్నవాడి వీపు మీద వెళ్ళి పడతాడు. జపానులో జరిగిన ప్రమాదాలను లెక్కగట్టి 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన పరిశీలన ప్రకారం, వెనకవాళ్ళు బెల్టు లేకుండా ఉంటే ముందు బెల్టుతో ఉన్నవారికి చావు ముప్పు దాదాపు ఐదు రెట్లు. అమ్మమ్మగారికి ఇంత బలం ఉందని ఎవరు అనుకుంటారు!

మనుషులే కాదు. వెనక అద్దం కింద అరమీద ఐదు కిలోల ఆవకాయ జాడీ పెట్టుకుని బయలుదేరుతాం. ఆ ఇరవై రెట్ల లెక్క దానికీ వర్తిస్తుంది. క్వింటాలు బరువున్న జాడీ నెత్తి వెనక సిద్ధంగా ఉన్నట్టే. జాడీ డిక్కీలో కింద ఉండాలి. డాష్ బోర్డు మీది ఇత్తడి వినాయకుణ్ణి కూడా ఎయిర్ బ్యాగు మూత మీంచి తీసి వేరేచోట ప్రతిష్ఠించడం మంచిది.

మా అమ్మాయితో వచ్చిన చిక్కు ఇక్కడే. "నా ఒళ్ళో కంటే దానికి భద్రమైన చోటేముంది నాన్నా?" అంది. ఆ మాటకు ఎదురు చెప్పడం ఏ తండ్రికైనా కష్టమే. నేను చెప్పలేదు, కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను. పిల్ల బరువు పది కిలోలు. యాభై వేగంలో కారు ఆగితే అది ఇరవై రెట్లు, రెండు క్వింటాళ్ళు. రెండు పెద్ద బియ్యం బస్తాలు ఒక్క ఉదుటున చేతుల్లోంచి దూకితే పట్టుకోగలవా అని రాశాను. అది చాలాసేపు కాగితం కేసి చూసింది. మాట్లాడలేదు. తల్లి బెల్టు పెట్టుకుని పిల్లను ఒళ్ళో పెట్టుకుంటే పిల్ల ఎగిరిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుడితే తల్లి బరువు కూడా పిల్ల మీదనే పడుతుంది. పిల్లకు పిల్ల సీటు ఉండవలసిందే.

ఆ సీటు ఏడాది లోపు పిల్లలకు వెనక్కు తిరిగి ఉండాలి. పసిపిల్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ లేతది. ముందుకు తిరిగి కూర్చుంటే కారు ఆగినప్పుడు తల బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కు తిరిగి ఉంటే వీపంతా సీటులోకి ఒదిగిపోతుంది. 1960ల్లో స్వీడనులో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు, అంతరిక్షంలోకి పోయేవాళ్ళను వీపు మీద పడుకోబెట్టి పంపడం చూసి ఈ పద్ధతి మొదలుపెట్టాడు. ఆ దేశంలో నాలుగేళ్ళ పిల్లలు కూడా వెనక్కు తిరిగే ప్రయాణం చేస్తారు. ఈ సీటును ఎయిర్ బ్యాగు ఉన్న ముందు సీట్లో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. ఆ బ్యాగు విచ్చుకునే దెబ్బ పిల్ల తలకే తగులుతుంది. మన చట్టం కూడా, 2019 సవరణ తరవాత, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టో, పిల్ల సీటో లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అంటుంది.

ఎయిర్ బ్యాగు అంటే దూది దిండు అని మన ఊహ. అది సెకనులో నూరో వంతుల లెక్కన, కన్ను మూసి తెరిచే వ్యవధి కంటే ముందే విచ్చుకుంటుంది. అంత తొందరగా విచ్చుకునేది మెత్తగా ఎలా ఉంటుంది? బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచితే, బ్యాగు పూర్తిగా ఉబ్బిన తరవాత తల వెళ్ళి దానిమీద వాలుతుంది. బెల్టు లేకపోతే అది ఉబ్బుతూ ఉండగానే మొహం దాని మీద పడుతుంది. స్టీరింగు మీద ఎస్.ఆర్.ఎస్. అని మూడక్షరాలుంటాయి. మొదటి అక్షరానికి అర్థం 'అదనపు' అని. అసలుది బెల్టు, ఇది కొసరు. డ్రైవరు రొమ్ముకూ స్టీరింగుకూ మధ్య కనీసం పాతిక సెంటీమీటర్లు ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్ళు చక్రాన్ని కౌగిలించుకుని నడుపుతారు. సీటు ఎత్తు పెంచుకుని వెనక్కు జరగడం మంచిది. ముందు బంపరుకు ఇనుప గొట్టాల కంచె బిగించేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. ఆ కంచె దెబ్బను నలగవలసిన భాగానికి అందనివ్వక నేరుగా చట్రానికి చేరుస్తుంది, బ్యాగు విచ్చుకోవలసిన క్షణాన్ని కూడా తారుమారు చేస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దన్నది.

ఇక చిన్న కారుకు ఉన్న అసలు లోపం దాచి ప్రయోజనం లేదు. దాని బానెట్టు పొట్టి, కనక నలగడానికి చోటు తక్కువ. దాని బరువు తక్కువ, కనక పెద్దదానితో తలపడితే పెద్దది దాన్ని వెనక్కు నెడుతుంది. పైన చెప్పిన అమెరికా బీమా సంస్థే 2009లో ఇదీ పరీక్షించింది. బుల్లి స్మార్ట్ కారును మెర్సిడెస్ సీ క్లాసుతో, హోండా ఫిట్‌ను అకార్డ్‌తో, టొయోటా యారిస్‌ను కామ్రీతో ఢీ కొట్టించారు. అడ్డుకేసి కొట్టినప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న బుల్లి కార్లు మూడూ ఇక్కడ అట్టడుగున నిలిచాయి. స్మార్ట్ కారు గాలిలోకి లేచి గిర్రున తిరిగింది. కనక నక్షత్రాల సంఖ్యను ఒకే బరువున్న కార్ల మధ్యనే పోల్చి చూడాలి. చిన్న కారు ఐదు నక్షత్రాలూ, పెద్ద కారు ఐదు నక్షత్రాలూ ఒకటి కావు.

మన రహదారుల మీద ఇంకొక గండం ఉంది, అది ఏ నక్షత్రాలలోనూ కనిపించదు. చీకట్లో దీపం లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ. చిన్న కారు దాని వెనక గుద్దుకుంటే బానెట్టు లారీ తొట్టి కిందికి దూరిపోతుంది. నలగవలసిన భాగానికి ఏదీ తగలదు. తగిలేది అద్దానికీ, తలకూ. లారీ వెనక కింద ఇనుప అడ్డకమ్మీ ఉండాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. వంగిపోయిన కమ్మీలు, అసలు లేని కమ్మీలు ఎన్నో మీరే ఒక రాత్రి లెక్కపెట్టండి. అల్లుడికి నేను పెట్టిన షరతు ఒక్కటే, రాత్రి ప్రయాణం వద్దని.

ఇంతమాత్రాన చిన్న కారు కొనేవాడు తలరాత అనుకుని కూర్చోనక్కరలేదు. 1997 ఫిబ్రవరిలో ఐరోపాలో మొదటిసారి ఇలాంటి పరీక్షల ఫలితాలు వచ్చాయి. రోవర్ 100 అనే చిన్న కారుకు ఒకే నక్షత్రం వచ్చింది. ఏ కారూ నాలుగు నక్షత్రాలు తెచ్చుకోలేదు, పరీక్ష అంత కఠినమని కంపెనీలు గోలపెట్టాయి. జులైలో వోల్వో ఎస్40 నాలుగు తెచ్చుకుంది. అసాధ్యం ఐదు నెలల్లో సాధ్యమయింది. ఐదు నక్షత్రాలు 2001లో రెనో లగూనాకు వచ్చాయి. మన దేశంలోనూ అదే వరస. 2014లో సున్నాలు. 2018 డిసెంబరులో నెక్సాన్‌కు ఐదు, 2020 జనవరిలో చిన్న కార్లయిన ఆల్ట్రోజ్‌కు ఐదు, టియాగోకు నాలుగు. 2024 నవంబరులో డిజైర్‌కు పెద్దల రక్షణలో ఐదు, పిల్లల రక్షణలో నాలుగు. 2023 అక్టోబరు 1 నుంచి మన ప్రభుత్వపు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు కూడా నడుస్తున్నాయి. పరీక్షకు పంపడం కంపెనీ ఇష్టం. చట్టం ప్రకారం ప్రతి కారూ తప్పక నెగ్గవలసిన ఎదురు పరీక్ష 56 కిలోమీటర్ల వేగంలోనే. 56కూ 64కూ తేడా ఎనిమిదే కదా అనిపిస్తుంది. దెబ్బలో ఉండే శక్తి లెక్కన అది నూటికి ముప్పై ఎక్కువ.

అల్లుడితో షోరూముకు నేను కూడా వెళ్ళాను. నక్షత్రాలెన్ని అని అడిగితే, కుర్రవాడు చాలా మర్యాదగా, "సార్, బిల్డ్ చూడండి" అని వేలి కణుపులతో తలుపు మీద టకటక కొట్టి వినిపించాడు. కుండ కొనేటప్పుడు అది మంచి పద్ధతే. కారుకు పైరేకు చర్మం లాంటిది. భారం మోసే ఎముకలు లోపల, గుమ్మాల కింద, స్తంభాల్లో ఉంటాయి. వేలితో కొడితే అవి పలకవు. ఆ కారు మోడలు పేరు, ఏ ఏడు పరీక్షించారో, ఎన్ని బ్యాగులున్న రకాన్ని పరీక్షించారో, పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని నక్షత్రాలో కాగితం మీద చూపమన్నాను. పరీక్ష నియమాలు 2022లో మరింత కఠినమయ్యాయి కనక ఏడు ముఖ్యం. వెనక సీటు మధ్యలో కూర్చునేవారికి కూడా మూడుచోట్ల పట్టుకునే బెల్టు ఉందా, పిల్ల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా, వెనక తల వెనుక దిండ్లు పైకి లేస్తాయా అని కూడా చూశాం. కుర్రవాడు లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. పెద్దాయన ఇంకొక రకం చూపించాడు. ఖరీదు ముప్పావు లక్ష ఎక్కువ. అల్లుడు పైకప్పు అద్దం వదులుకున్నాడు.

కొత్తది కొనలేక వాడిన కారు కొనేవారే మనలో ఎక్కువ. వారి కోసం బెజవాడ ఆటోనగరులో ఒక షెడ్డు మేస్త్రీని అడిగాను. ముప్పై ఏళ్ళుగా గుద్దుకున్న బళ్ళు బాగుచేస్తున్న మనిషి. "తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగు దీపం వెలగాలండి, నాలుగైదు సెకన్లలో ఆరాలండి. అసలు వెలగలేదంటే ఎవరో తీసేశారన్నమాట. బ్యాగు ఒకసారి పేలితే కొత్తది వెయ్యాలంటే డబ్బు. మూత అతికించి అమ్మేస్తారు" అన్నాడు. తరవాత ఒక బండి దగ్గరికి తీసుకుపోయి డ్రైవరు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూపించాడు. ప్రమాదంలో ఒకసారి మనిషిని ఆపిన పటకా మళ్ళీ పనికిరాదట. నేత సాగి, అంచులు అలలలాగా ముడుచుకుంటాయట. వేలితో తడిమి చూడమన్నాడు. మధ్యలో ఒకచోట బట్ట నిజంగానే పలచబడి, నిగనిగ మెరుస్తున్నది. కారు పైన మాత్రం కొత్త రంగు, ముందు అద్దానికి మూడు రోజుల కిందటి పసుపు బొట్టు.